శనివారం ఇంటికి రాని డైనమో

ఇప్పటివాళ్లు ఆల్టర్నేటర్ అంటున్న వస్తువు స్థానంలో మా కాలపు బండ్లకు డైనమో అనేది ఉండేది. ఇంజను తిరిగినంతసేపూ దాంతోపాటు తానూ తిరుగుతూ బ్యాటరీకి కరెంటు అందించడం దాని పని. ఈమాత్రం సంగతి నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. తెలియదని కూడా తెలియకపోవడం వల్ల, పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో మోటారు విద్య వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనని నమ్ముకుని చాలాకాలం హాయిగా బతికాను.

అరవైల మొదట్లో సంగతి. మాది పెనుకొండ నుంచి సోమందేపల్లి పోయే దారిలో ఒక పల్లె. శెనక్కాయ, రాగులు పండే చేలు, ఒక బావి, బావి కింద కొంచెం తోట. బెంగుళూరులో మిలిటరీ వాళ్లు పాత జీపులు వేలం వేస్తున్నారని ఎవరో చెప్పగా మా నాయన పోయి ఒకటి తెచ్చాడు. ఎద్దుల సంతలో ఎట్లా బేరం చేస్తాడో అక్కడా అట్లాగే చేశాడట. చుట్టూ తిరిగి చూశాడు, టైర్లు తట్టి చూశాడు, కొంచెం దూరం నడిపించి వెనక నుంచి నడక చూశాడు. పళ్లు చూద్దామంటే నోరెక్కడుందో తెలియక ఆ ఒక్క పరీక్షా వదిలేశాడు.

జీపును ఎద్దుల కొట్టంలోనే కట్టేశాం. కట్టేయడమంటే నిజంగానే కట్టేయడం. బ్రేకు మీద నమ్మకం లేక మా అవ్వ ముందు బంపరుకు పలుపుతాడు వేయించి గుంజకు ముడి వేయించింది. అవ్వ అంటే మా నాయనను కన్నతల్లి, ఇంటికి పెద్ద. సోమవారం బసవన్న రోజు కాబట్టి మా వైపు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. ఆ సెలవు అవ్వ జీపుకు కూడా ఇచ్చేసింది.

"అవ్వా, దానికి మెడ కూడా లేదు కదా!" అన్నాను.

"మెడ లేకుంటే ఏమిరా, మోస్తాండాది కదా" అంది.

నేను అనంతపురంలో కాలేజీ చదువు చదివి, ఒక పరీక్ష మిగుల్చుకుని ఇంటికి వచ్చినవాణ్ణి. ఇంట్లో సైన్సుకు ప్రతినిధిని నేనే. అవ్వ వారాలనూ వర్జ్యాలనూ చూసి పకపకా నవ్వడం అప్పట్లో నాకున్న ఏకైక ఉద్యోగం. ఆ ఉద్యోగం మాత్రం చాలా శ్రద్ధగా చేసేవాణ్ణి.

ఆ ఏడాదే మా ఇంట్లో పట్టుపురుగులు పెట్టారు. పెట్టింది నా భార్య. ఆమె మా మేనత్త కూతురు, హిందూపురం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, కన్నడం తెలుగు కలిపి మాట్లాడుతుంది. వాళ్ల ఇంట్లో పట్టుపురుగులు పెంచడం పిల్లల్ని పెంచడమంత మామూలు. మా ఇంట్లో అది పెద్ద యుద్ధమైంది. నడిమింట్లో తట్టలు పెడితే మనుషులు ఎక్కడ పడుకోవాలని నాయన, రాత్రంతా ఆకు నమిలే చప్పుడుకు నిద్ర పట్టడం లేదని అవ్వ. ఆమె ఎవరితోనూ వాదించలేదు. బావి కింద మల్బరీ నాటించి, గుడ్లు తెచ్చి, మమ్మల్నందరినీ వరండాలోకి పంపించి, ఆకు కోసి వేస్తూ పోయింది.

చివరికి నాయన ఒక మాట తేల్చి చెప్పాడు. "ఈ ఒక్క పంట చూస్తా పాపా. చక్కంగ హిందూపురం చేరిందా, నీ ఇష్టం, ఇల్లంతా పెట్టుకో. చెడిపాయనా, మల్బరీ తోట దున్నేసి శెనక్కాయ ఏస్తా. మళ్లా నన్ను అడగద్దు."

ఆమె తల ఊపింది. ఆ తల ఊపడంలో ఎంత బరువుందో నాకు తెలియలేదు. మధ్యలో దూరి, "గూళ్లు హిందూపురం చేర్చే పని నాది. బస్సు మీద వేస్తే నలిగిపోతాయి. ఎద్దులబండిలో ఎండకు మాడిపోతాయి. జీపులో వేసుకుని పోతే గంటలో ఉంటాం" అన్నాను. ఆమె నా వైపు చాలా నమ్మకంగా చూసింది. అంత నమ్మకంగా నన్ను అంతకుముందు మా పరీక్షల మాస్టరు కూడా చూడలేదు.

పురుగులు గూళ్లు కట్టే రోజుల్లోనే ఏరువాక పున్నమి వచ్చింది. ఆ పండగకు ఎద్దుల్ని వంకకు తోలుకుపోయి, ఒళ్లంతా తోమి కడిగి, కొమ్ములకు రంగులు పూసి ఊరేగిస్తారు. "వాటిని కడిగి దీన్ని కడక్కపోతే ఎట్లరా?" అన్నాడు నాయన. నాకూ న్యాయంగానే తోచింది. జీపును వంకలోకి దింపాను. ఊళ్లోవాళ్లంతా చుట్టూ చేరి వరిగడ్డితో తోమారు. ముందు దీపాలకు పసుపు పూశారు. అంతటితో ఆపేసి ఉంటే ఈ కథే లేదు. బానెట్టు ఎత్తి చూస్తే డైనమో పొగలు కక్కే వేడిగా ఉంది. ఎద్దు అలిసిపోతే మీద నీళ్లు పోస్తాం. నా సైన్సు కూడా ఆ నిమిషంలో అదే చెప్పింది. పక్కవాడి చేతిలోని బిందె లాక్కుని డైనమో మీద నేనే స్వయంగా కుమ్మరించాను. చుయ్యిమంది. తర్వాత ఏ శబ్దమూ రాలేదు.

జీపును ఎద్దులతో లాగించి ఇంటికి తెచ్చాం. ఊరేగింపు బాగా రక్తి కట్టిందని అందరూ మెచ్చుకున్నారు.

మా బ్యాటరీ ముసలిది. డైనమో పోస్తుంటే తాగి నిలబడేది గానీ, తనంతట తానుగా ఊరి పొలిమేర కూడా దాటించేది కాదు. కాబట్టి డైనమో లేకపోతే జీపు లేదు. జీపు లేకపోతే గంటలో హిందూపురం అన్న నా మాట లేదు. ఇక్కడ గూళ్ల సంగతి ఒకటి చెప్పాలి. గూడు కట్టిన పురుగు లోపల ఊరికే ఉండదు. కొన్నాళ్లకు రెక్కలు తెచ్చుకుని, గూటికి చిల్లు పెట్టుకుని బయటికి వస్తుంది. చిల్లు పడిందంటే దారం తెగిపోయినట్టే. హిందూపురంలో దారం తీసేవాళ్లు ఆ గూడును ముట్టుకోరు. ఎండలో వేసి పురుగును చంపవచ్చు గానీ దారం పెళుసైపోతుంది. లోపలి ప్రాణం బయటికి రాకముందే గూళ్లు అంగడికి చేరాలి.

"శనివారం దాటితే నేనేమీ చెప్పలేను బావా" అంది ఆమె, చంద్రికల మీది నుంచి పసుపుపచ్చ గూళ్లు ఏరుతూ. చంద్రికలంటే పురుగులు గూడు కట్టుకునే వెదురు తట్టలు. అప్పటికి బుధవారం.

గురువారం పొద్దున్నే చచ్చిన డైనమోను గోనెసంచిలో వేసుకుని హిందూపురం బస్సెక్కాను. పాత మోటారు సామాన్లు అమ్మే అంగడి ఒకటి నాకు తెలుసు. అంగడి ఆయన నా డైనమోను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఆరు వోల్టులది, ఇట్లాంటివి ఇప్పుడు రావడం లేదన్నాడు. మూలన మరొకటి కనిపించింది. మా దానికంటే కాస్త లావుగా, నిగనిగలాడుతూ ఉంది.

"అది లారీదప్పా. పన్నెండు వోల్టులు. నీ జీపుకు బేడ" అన్నాడు.

"పన్నెండంటే ఆరుకు రెండింతలు కదా. ఇంకా మంచిదే" అన్నాను.

ఆయన నన్ను ఒక నిమిషం చూసి, మళ్లీ ఒకసారి వద్దన్నాడు. నేను వినలేదు. ఎవరైనా రెండోసారి వద్దంటే అది నా తెలివికి పెట్టిన పరీక్ష అనుకునే వయసు నాది.

సాయంత్రం ఇంటికి తెచ్చి బిగించడానికి కూర్చుంటే నాయన వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇది ఎలపటదా, దాపటదా?" అని అడిగాడు. కాడికి కుడి పక్క కట్టే ఎద్దు ఎలపటది, ఎడమ పక్కది దాపటది. ఒక పక్కకు అలవాటు పడినదాన్ని రెండో పక్క కడితే నడవదు. నేను నవ్వి, ఇది ఎద్దు కాదు నాయనా అన్నాను. డైనమోకూ బ్యాటరీకీ మధ్య ఒక చిన్న పెట్టె ఉంది. కరెంటు అందులోంచి పోవాలి. నా లావు డైనమోకు ఆ పెట్టె అడ్డమనిపించి, దాన్ని తప్పించి తీగలు నేరుగా తగిలించాను. దీపాలు వేసి ఇంజను స్టార్టు చేశాను.

అంత వెలుతురు మా పల్లె అంతకుముందు చూడలేదు. కొట్టంలో ఎద్దులు లేచి నిలబడ్డాయి. అవ్వ బయటికి వచ్చి రెండు చేతులూ జోడించింది. ఆమె దండం పూర్తి కాకముందే రెండు బల్బులూ టప్పుమని పగిలాయి, తీగలు కాలిన వాసన వచ్చింది, హారను తనంతట తాను మోగడం మొదలుపెట్టింది. దాన్ని ఆపలేక చివరికి బ్యాటరీ తీగ పీకేశాను.

నా భార్య వాకిట్లో నిలబడి అంతా చూసింది. లోపలికి పోయి గూళ్ల మీద పలుచటి గుడ్డ సరిచేసింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను.

దారి చూపించింది నాయనే. "జతకు ఎద్దు కావాలంటే దాని తోడబుట్టినదాన్ని ఎతకల్ల. ఆ పొద్దు ఏలంలో మన జీపు పక్కనుండే జీపును ధర్మవరం పట్టుచీరల షావుకారి కొన్యాడు. అది నడుస్తాండాదో లేదో, పోయి అడుగు."

శుక్రవారం పొద్దున పెనుకొండలో రైలెక్కడానికి బయల్దేరాను. పాత డైనమో మళ్లీ గోనెసంచిలోకి ఎక్కింది. నా భార్యకు మాట ఇచ్చాను. "రేపు మధ్యాహ్నం బండికి వచ్చేస్తా. బిగించడానికి ఒక గంట. పొద్దు మునిగేలోగా గూళ్లు హిందూపురంలో ఉంటాయి."

గడప దాటుతుంటే అవ్వ వెనక నుంచి కేకేసింది. "రేపు శనివారం రా! శనివారం ఇనుము ఇంటికి తేవాకు!"

"దాని కడుపులో ఉండేది రాగి తీగ అవ్వా!" అని నవ్వుకుంటూ పోయాను. చాలా మంచి జవాబు చెప్పానని స్టేషను దాకా సంతోషిస్తూనే ఉన్నాను.

ధర్మవరంలో షావుకారి ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వీధి పొడుగునా పట్టు పడుగు సాగదీసి కట్టారు. చీరకు నిలువున పోయే దారాలను మగ్గానికి ఎక్కించే ముందు అట్లా బిగించి సరిచేస్తారు. ఎర్రటి దారాల వెంబడే నడుస్తూ పోతే, వాటి కొస ఒక వసారాలో నిలబడ్డ జీపు బంపరుకు కట్టి ఉంది. మా జీపే! అదే రంగు, అదే మూతి. ఇంజను పాడై నడక మానేశాక అది పడుగుకు గుంజగా ఉద్యోగం చేస్తోంది.

షావుకారి పెద్ద మనసున్న మనిషి. వాళ్లది తరతరాలుగా మగ్గం నేసే ఇల్లు, ఆయన చేతిలో చీరల వ్యాపారంగా పెరిగింది. విషయం చెప్పగానే నవ్వి, బానెట్టు ఎత్తి చూపించాడు. డైనమో ఉంది. నా సంచిలోదాన్ని తీసి పక్కన పెట్టి చూశాను. కాళ్లు, చక్రం, మీదున్న తగరపు రేకు, అన్నీ ఒకటే. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక ఇనపముద్దను చూసి ఏడ్చినవాణ్ణి ధర్మవరంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

"విప్పుకోని పో అప్పా. ఈడ ఊరికే పడుండాది" అన్నాడు షావుకారి.

లోపలి నుంచి వాళ్లమ్మ వచ్చింది. "ఈ పొద్దు యా వారం?" అంది. శుక్రవారం. శుక్రవారం పూట ఇంట్లోని వస్తువు గడప దాటితే లక్ష్మి కూడా వెంట పోతుందని ఆమె నమ్మకం. షావుకారి నా వైపు చూసి చేతులు విప్పి చూపించాడు.

నేను ఊరుకోవచ్చు కదా. ఆ పెద్దామెకు వారాలు మనుషులు పెట్టుకున్న పేర్లే గానీ సూర్యుడికి వాటితో పని లేదని, మూఢనమ్మకాల వల్లే దేశం వెనకబడి ఉందని, పంచె సర్దుకుంటూ ఉపన్యాసం ఇచ్చాను. పడుగు దగ్గర పనిచేసేవాళ్లు చేతులాపి విన్నారు. ఆమె కూడా చివరిదాకా ఓపిగ్గా వింది.

"నీ పెండ్లాం శుక్రవారం పూట దీపం పెట్టినంక చెత్త బయట పారేస్తాదా?" అని అడిగింది.

"లేదు."

"సరే మరి. కాళ్లు కడుక్కో, అన్నం తిందువు."

ఆ రాత్రి వాళ్ల అరుగు మీద పడుకున్నాను. పొద్దున్నే పెద్దామె తానే లేపింది. "ఇంక తీసుకోని పో నాయనా. ఆ తావు ఖాళీగా మాత్రం పెట్టాకు. నీ పాతది ఆడ పెట్టి పో." నాకేం అభ్యంతరం? మా చచ్చిన డైనమోను ఆ నడవని జీపులో బిగించి, ఆ జీపుదాన్ని విప్పి సంచిలో వేసుకున్నాను. మధ్యాహ్నం బండికి కావలసినంత వేళ ఉంది. షావుకారికి దండం పెట్టి గడప దాకా వచ్చాను.

అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

శనివారం ఇనుము. అది ఉత్త మాట అని నాకు తెలుసు. నిన్ననే ఈ ఇంట్లోనే నిలబడి అంత ఉపన్యాసం ఇచ్చాను. కానీ గడప మీద నిలబడితే వంకలో కుమ్మరించిన బిందె గుర్తొచ్చింది. పగిలిన బల్బులు గుర్తొచ్చాయి. మూడోసారి కూడా ఏదైనా అయితే? నాయన మడకలు కట్టి మల్బరీ తోట దున్నుతున్నట్టు, ఆమె బావి గట్టు మీద నిలబడి చూస్తున్నట్టు కళ్ల ముందు కనిపించింది. పోనీ, దాని కడుపులో ఉండేది రాగి తీగ కదా అని నా మంచి జవాబును నాకే చెప్పుకున్నాను. సంచి బరువు చూస్తే మాత్రం అది అచ్చంగా ఇనుములాగే ఉంది.

"ఏమప్పా, నిలబడిపోతివి?" అన్నాడు షావుకారి.

"ఈ రోజు శనివారం కదా..." అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. "నిన్న మా యమ్మకు అంత పాఠం చెప్తివే!"

"నాకేం పట్టింపు లేదు. మా అవ్వ ఒప్పుకోదు" అన్నాను, చాలా పెద్దమనిషిలాగా.

ఆ మాటతో పెద్దామె దృష్టిలో నేను ఒక్కసారిగా ఎదిగిపోయాను. పెద్దల మాట మీద ఇంత గురి ఉన్న పిల్లవాణ్ణి ఈ కాలంలో చూడలేదంటూ మెచ్చుకుని, నాకోసం ఓళిగలు, అదే బొబ్బట్లు, చేయించింది. మధ్యాహ్నం బండి కూత వినిపించినప్పుడు నా విస్తట్లో రెండో ఓళిగ మీద నెయ్యి పడుతోంది. ఒక్క పూట ఆలస్యం, అంతే కదా అనుకున్నాను. ఆదివారం పొద్దున బండికి పోతే ఆదివారం సాయంత్రానికి హిందూపురం. లోపలి పురుగు ఒక్క రోజు ఆగలేదా? అది ఏ వారం చూసుకుని రెక్కలు తెచ్చుకుంటుందో నేను ఆలోచించలేదు. మూడో ఓళిగ కూడా తిన్నాను.

ఆదివారం పొద్దున డైనమోను ఒళ్లో పెట్టుకుని రైల్లో కూర్చున్నాను. కింద పెడితే అదిరి ఏమైనా అవుతుందని భయం. పంచె నిండా నల్లటి గ్రీసు. ఎదురుగా కూర్చున్న ఆయన అదేమిటని అడిగితే పెనుకొండ వచ్చేదాకా డైనమో పనిచేసే విధానం వివరించాను. ఆయన మధ్యలోనే నిద్రపోయాడు.

పెనుకొండలో దిగి చూస్తే ప్లాట్‌ఫారం మీద నా భార్య నిలబడి ఉంది. ఆమె పక్కన వెదురు బుట్టలు, వాటి మీద పలుచటి గుడ్డలు కట్టి ఉన్నాయి. బుట్టల పక్కన అవ్వ, చేతికర్ర పట్టుకుని, మెడ ఒక పక్కకు వంచి కూర్చుని ఉంది. పక్కింటివాళ్ల ఎద్దులబండిలో తెల్లవారకముందే బయల్దేరి వచ్చారు. ధర్మవరం నుంచి వచ్చే ఆ బండి పెనుకొండ మీదుగా హిందూపురమే పోతుంది. నేను దిగిన పెట్టెలోకే వాళ్లు గూళ్లు ఎక్కించాలి. ఆ రైలు రోజూ మా ఊరి పక్క నుంచే కూత వేసుకుంటూ పోతుంది. గంటలో హిందూపురం అని గొప్పలు పోయినవాడికి అది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

అవ్వ నా సంచి వైపు చూసింది. "యాడ పోతివి రా నిన్న?"

"శనివారం కదా అవ్వా. ఇనుము తేవాకు అంటివి కదా..."

అవ్వ ముఖం చూడాలి. "ఓరి నీ చదువు కాలిపోనూ! నిన్న మధ్యాన్నం బండి కూత ఇనబడినప్పటి నుంచి నేను గోడకు తిరుక్కోని పండుకొంటి. నువ్వు ఇనుము ఎత్తుకోని ఇంట్లేకొస్తే, నేను చూడలేదులే అనుకుందామని. పొద్దు మునిగేదాకా ఈ పక్కకు తిరగలేదు. మెడ పట్టుకోని ఉండాది చూడు!"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ నియమం పెట్టిన ఆమె నా కోసం, ఆ గూళ్ల కోసం, దాన్ని చూడనట్టు పక్కకు తిరిగింది. దాన్ని చూసి జీవితమంతా నవ్విన నేను ఓళిగలు తింటూ దాన్ని పాటించాను.

"బావా, అది ఈడ పెట్టు. ఈ బుట్ట అందుకో" అంది నా భార్య. రైలు ఎక్కువసేపు ఆగదు. డైనమోను అవ్వ కాళ్ల దగ్గర పెట్టి బుట్టలన్నీ ఎక్కించాను. చివరి బుట్టతోపాటు నేనూ ఎక్కేశాను. బండి కదిలింది. కిటికీలోంచి చూస్తే అవ్వ ఒక చేత్తో మెడ పట్టుకుని, ఇంకో చేయి డైనమో మీద వేసి కూర్చుని ఉంది.

బుట్టలను గోడవారకు జరిపి ఆమె పక్కన కూర్చున్నాను.

"నిన్ననే బండి కట్టించుకుని వచ్చేసి ఉండాల్సింది" అన్నాను చివరికి.

"నువ్వు వస్తానంటివి కదా" అంది.

"రాకపోయేసరికి, సాయంత్రం రైలుకైనా..."

"నువ్వు వస్తానంటివి కదా బావా" అని మళ్లీ అదే మాట అంది. అందులో కోపం లేదు. నేను వస్తానన్నాను కాబట్టి ఆమె చూసింది. అంతే. నా మీద అంత నమ్మకం పెట్టడం ఆమె చేసిన తప్పని చెప్పాలనిపించింది.

అప్పుడే నా మోకాలి మీద ఏదో కదిలింది. డైనమో కూర్చున్న గ్రీసు మరక మీద తెల్లటి రెక్కల పురుగు ఒకటి తడబడుతూ నడుస్తోంది. ఎక్కడిదా అని చూస్తే ఆమె కొంగు ముడిలోంచి రెండోది బయటికి వస్తోంది. ఆమె గబుక్కున ముడి మీద చేయి పెట్టుకుంది.

"రాత్రే కొన్ని చిల్లు పడె" అంది మెల్లగా. "దీపం పెట్టుకోని ఏరి తీసేస్తి. మిగిలినవన్నీ బాగుండాయి. ఎవరూ చూడలేదు. మామకు చెప్పాకు."

మామ అంటే మా నాయన. చిల్లు పడ్డ సంగతి ఆయనకు తెలిస్తే మల్బరీ తోట పోతుంది. నేను రాని రాత్రి ఆమె ఒక్కతే కూర్చుని నా ఆలస్యాన్ని ఒక్కొక్క గూడుగా ఏరి కొంగున కట్టుకుంది. ఆ పురుగును మోకాలి మీది నుంచి తోసేయడానికి నాకు చేతులు రాలేదు. హిందూపురం దాకా అది అక్కడే నడిచింది.

అంగట్లో గూళ్లు కొనే ఆయన బుట్టలోకి మోచేతి దాకా చేయి పెట్టి, అడుగు నుంచి కొన్ని తీసి, ఒక గూడును చెవి దగ్గర ఆడించి విన్నాడు. లోపలి పురుగు గలగలమంది. ఆమె ఆయన ముఖమే చూస్తోంది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. ఇంకో గూడు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. "చానా బాగుండాయమ్మా. ఎవరు పెంచినారు?" అన్నాడు. ఆమె తల వంచుకుంది. నేనే చెప్పాను. ఆ రోజంతటిలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

డైనమో చక్కగా కుదిరింది. జీపు తర్వాత చాలా ఏళ్లు నడిచింది. మల్బరీ తోట కూడా పెరిగింది. నాయన ఆ తర్వాత దాని మాట ఎత్తలేదు, వరండాలో పడుకోవడానికి అలవాటు పడిపోయాడు. ప్రతి పంటకూ గూళ్లు జీపులోనే పోయేవి, పెనుకొండ రైల్వే స్టేషను దాకా. గంటలో హిందూపురం అని నేను మళ్లీ అనలేదు.

ఆ చిల్లుపడ్డ గూళ్లను ఆమె పారేయలేదు. దారానికి గుచ్చి దండ చేసి, జీపులో స్టీరింగు ముందర, నా కళ్లకు ఎదురుగా కట్టింది. అదేమిటని నాయన అడిగితే దిష్టికి మామా అంది. అవ్వ చాలా మంచి పని చేశావని మెచ్చుకుంది. సంగతి తెలిసినవాళ్లం మేమిద్దరమే. జీపు గుంతలో పడ్డప్పుడల్లా ఆ దండ ఊగేది. అది ఊగినప్పుడల్లా పక్కన కూర్చున్న ఆమె నవ్వు ఆపుకుంటూ బయటికి చూసేది.

తర్వాతెప్పుడో, నాయనా అవ్వా ఇద్దరూ పోయాక, జీపు అమ్మేశాం. కొన్నాయన దాన్ని తీసుకుపోవడానికి వచ్చిన రోజు కావాలని ఎంచుకున్నట్టు శనివారమైంది. ఆమె లోపలికి వంగి దండ విప్పుకుని, చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదవుల మీద మాత్రం నవ్వు ఉంది.

"శనివారం బావా. ఇనుము గడప దాటితే పరవా లేదా?"

జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది. నేను అవ్వ మాదిరే గోడవైపు తిరిగి నిలబడ్డాను.